నీ కవిలెలో

ఊరు విడిచిన మూడో రోజున ఒక ఖాతా పుస్తకం కొన్నాను. జమాఖర్చులు రాసుకునే పొడుగాటి అట్ట పుస్తకం. పదహారేళ్లు లెక్కలు రాసిన చేతికి వేరే రకం పుస్తకం తోచలేదు. మొదటి పేజీలో తేదీ వేసి, ఎడమవైపు మనిషి పేరు, మధ్యలో అతను చేసిన పని లేదా అన్న మాట, కుడివైపు అప్పుడు అక్కడున్న సాక్షుల పేర్లు రాయడం మొదలుపెట్టాను. మా గేటు ముందు నిలబడి నవ్వినవాడు. మా అమ్మాయిని బడి వరండాలో అందరి ముందూ ఆపి “మీ నాన్న ఎక్కడ దాచాడు?” అని అడిగినావిడ. రాత్రి మా ఇంట్లో భోజనం చేసి, తెల్లవారాక నాకు వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చిన స్నేహితుడు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకంలో 112 పద్దులు చేరాయి.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. నేను ఒక సేవాసంస్థలో లెక్కలు చూసేవాణ్ణి. పెద్ద మొత్తం ఒకటి కనబడకుండా పోయింది. వోచర్ల మీద సంతకాలు నావే. పైవాళ్లు తొందరపెట్టినప్పుడల్లా ఖాళీ వోచర్ల మీద ముందుగానే సంతకం చేసి ఇచ్చే అలవాటు నాకుండేది. అది నా తప్పు, ఇప్పుడూ ఒప్పుకుంటాను. డబ్బు మాత్రం నేను తీయలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా వినే ఓపిక ఆ రోజుల్లో ఎవరికీ లేకపోయింది. కేసు పెట్టారు. ఇంటి ముందు జనం పోగయ్యారు. రెండో రాత్రి కిటికీ అద్దాలు పగిలాక అమ్మను, నా భార్యను, తొమ్మిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని నాలుగు సంచులతో బయటపడ్డాను. ఆ తర్వాత మా ఇంట్లో వేరేవాళ్లు చేరారు. మేము ఎవరికీ తెలియని చోట, ఒకరి మేడ మీద రెండు గదుల్లో అద్దెకు దిగాం.

అమ్మకు అప్పటికే చూపు మందగించింది. సాయంత్రం లైటు వేయగానే బైబిలు నా చేతికిచ్చి కీర్తన చదవమనేది. నాకు చదవాలని ఉండేది కాదు. దేవుడు ఉన్నాడా లేడా అన్న సందేహం నాకెప్పుడూ రాలేదు. ఉన్నాడు, చూస్తూ ఊరుకున్నాడు, అదే నా బాధ. దానికి తోడు పరామర్శకు ఫోను చేసిన ప్రతివారూ “పగతీర్చుట నా పని” అన్న వచనం అందుకునేవారు. తీర్పు తప్పక వస్తుందన్న హామీ ఆ మాటలో ఉంది. కానీ వాళ్లు చెప్పే తీరులో, ఇక నువ్వు నోరు మూసుకో అన్న హెచ్చరికే నాకు వినబడేది. బాధలో ఉన్న మనిషికి ఆ వచనాన్ని మొదటి రోజే చెప్పకండి. దానికీ ఒక వేళ ఉంటుంది.

అమ్మ పెట్టిన నియమం ఒక్కటే: వరుస తప్పకూడదు. నచ్చినవి ఏరుకోకూడదు. సాయంత్రానికి ఒకటి చొప్పున మొదటి కీర్తన నుంచి 150వ కీర్తన దాకా, అవి అయిపోగానే మళ్లీ మొదటికి. 176 వచనాలున్న 119వ కీర్తనకు మాత్రం వారం రోజులు గడువిచ్చింది.

నేను అయిష్టంగానే చదివేవాణ్ణి. అయినా చదువుతూ పోయేకొద్దీ ఒక సంగతి తెలియవచ్చింది. ఆ గ్రంథంలో దాదాపు మూడో వంతు ఫిర్యాదులే. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే “ఎంతవరకు?” అని నాలుగుసార్లు అడుగుతాడు కీర్తనకారుడు దావీదు. ప్రార్థనలో అనడానికి నేను భయపడిన మాటలన్నీ అక్కడ అచ్చులో ఉన్నాయి. దేవుణ్ణి నిలదీయడం అవిశ్వాసమని నాకు చిన్నప్పటి నుంచి చెప్పారు. మరి ఈ నిలదీతలను పరిశుద్ధ గ్రంథంలో ఎవరు చేర్చారు, ఎందుకు చేర్చారు? ఆ ప్రశ్న నన్ను చదివించింది.

56వ కీర్తన వంతు వచ్చిన సాయంత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. తనను చంపజూస్తున్న సౌలు రాజుకు భయపడి పారిపోతూ, శత్రువులైన ఫిలిష్తీయుల పట్టణం గాతులో వాళ్ల చేతికి చిక్కినప్పటి దావీదు ప్రార్థన అది. సొంత దేశంలో ప్రాణం దక్కదు, పరాయి ఊరిలో నమ్మేవాళ్లు లేరు. అలాంటి చోట నిలబడి, తాను తిరిగిన తిరుగుళ్లను దేవుడు లెక్కించాడనీ, తన కన్నీళ్లు ఆయన బుడ్డిలో ఉన్నాయనీ, అవి ఆయన కవిలెలో కనబడతాయనీ అంటాడు. చదువుతున్నవాణ్ణి కవిలె దగ్గర ఆగిపోయాను. పూర్వం కరణాలు లెక్కలు రాసిన తాటాకుల కట్టను కవిలె అనేవారు. తెలుగు చేసినవాళ్లు ‘పుస్తకం’ అని సరిపెట్టవచ్చు. మా వృత్తిలోని మాట వేశారు.

“ఆగావేం?” అంది అమ్మ.

“కవిలె అంటే లెక్కల పుస్తకం అమ్మా.”

“అయితే ఆయనదీ నీ ఉద్యోగమే నాయనా” అంది. చాలా రోజులకు ఆమె ముఖంలో నవ్వు చూశాను.

ఆ రాత్రి నా ఖాతా పుస్తకం తెరిచాను, రాశాను కూడా. ఒక్క వచనంతో మనిషి మారిపోడు. కానీ పెన్ను పట్టుకున్న చేతిలో ఏదో సంకోచం మొదలైంది. ఒకే వ్యవహారానికి ఇద్దరు రెండు పుస్తకాలు నడిపితే లెక్క తేలదని వృత్తిలో ఎన్నోసార్లు చూశాను. ఒకరు రాసిన పద్దు ఇంకొకరి దగ్గర ఉండదు. నా పుస్తకంలో నేను చూసినవి, విన్నవి మాత్రమే ఉన్నాయి. నా వెనక జరిగినవి లేవు. నా భార్య ఎన్ని రాత్రులు గోడవైపు తిరిగి ఏడ్చిందో నా దగ్గర లెక్క లేదు. ఆయన దగ్గర ఉందట. బుడ్డి నిండా ఉందట. ఈ మాటే నాకు మొట్టమొదటి ఓదార్పు. శత్రువులకు ఏమవుతుందన్న ఆలోచన ఆ సాయంత్రం నాకు రానేలేదు. ఇదంతా ఎక్కడో నమోదవుతోంది, ఒక్క చుక్క కూడా తప్పిపోవడం లేదు అన్నదే నాకు చాలింది.

మొదటి రెండేళ్లు మేము సంచులు పూర్తిగా విప్పలేదు. గోడకు మేకు కొట్టలేదు. గుమ్మం పక్కన ఇంటివాళ్లు వదిలేసిన మట్టి తొట్టి ఖాళీగా ఉండేది. “ఏదైనా మొక్క వేద్దామా?” అని నా భార్య అడిగితే, “ఎన్నాళ్లుంటామని?” అనేవాణ్ణి. తెలిసినవాళ్లు ఫోను చేసి “రెండు నెలల్లో తేలిపోతుంది” అన్నప్పుడల్లా పొంగిపోయేవాణ్ణి. రెండు నెలలు గడిచాక నాలుగు రోజులు మంచం దిగేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో కీర్తనలతో పాటు పగటిపూట నా అంతట నేను బైబిలులోని యిర్మీయా ప్రవక్త గ్రంథం చదవడం మొదలుపెట్టాను. అందులో హనన్యా అనే మరో ప్రవక్త ఉన్నాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యెహోయాకీను రాజునూ, అధికారులనూ, పనివాళ్లనూ చెరగా తీసుకుపోయాడు. కొన్నేళ్లకు హనన్యా దేవాలయంలో నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని ప్రకటించాడు. వినడానికి ఎంత హాయైన మాట! యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి. గడువు డెబ్బై ఏళ్లు. మొదటిసారి చదివినప్పుడు నాకు యిర్మీయా మీద కోపమొచ్చింది. నన్ను తరిమినవాళ్లకు శిక్ష వేయకుండా నన్ను తోట వేసుకోమంటాడేమిటి?

అయినా ఆలోచిస్తే, హనన్యా మాట మీద ఆశపెట్టుకున్నవాళ్ల గతి ఏమై ఉంటుంది? మూడో ఏడు రాగానే దేవుడు అబద్ధికుడై కనబడి ఉంటాడు. రెండు నెలల మాట విని మంచం పట్టిన నాకు అది అర్థమైంది. ఆలస్యం వేరు, మరచిపోవడం వేరు. ఆ వారమే సంచులు విప్పాం. మట్టి తొట్టిలో మా అమ్మాయి మొక్క నాటింది.

లెక్కలు రాసేవాణ్ణి గనుక ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. బబులోను శిథిలాల్లో జర్మన్ పురావస్తు పరిశోధకుల తవ్వకాల్లో రాజు గిడ్డంగి లెక్కలు రాసిన మట్టి పలకలు బయటపడ్డాయి. 1939లో వాటిని చదివి ప్రచురించారు. ఎవరెవరికి ఎంత నూనె ఇచ్చారో రాసుకున్న పద్దులవి. వాటిలో యూదా రాజు యెహోయాకీను పేరు ఉంది, అతని ఐదుగురు కొడుకుల లెక్క ఉంది. ఒక పలక క్రీ.పూ. 592 నాటిది. దేశం పోయి, సింహాసనం పోయి, ఇక ఈ మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తుండదనుకున్న రోజుల్లో శత్రువు గిడ్డంగి గుమాస్తా అతని పేరు పక్కన ఇంకా ‘రాజు’ అని రాస్తూనే ఉన్నాడు. రెండో రాజుల గ్రంథం ముగింపులో, చెరలోకి వెళ్లిన 37వ ఏట యెహోయాకీనును బందీగృహం నుంచి విడిపించి రాజు బల్ల దగ్గర కూర్చోబెట్టారని ఉంది. ముప్పై ఏడేళ్లు! ఆ గుమాస్తాకు తాను ఏ పని చేస్తున్నాడో తెలియదు. మట్టిలో వేసిన ఆ పద్దు రెండున్నర వేల ఏళ్లు నిలిచింది. అది చదివిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

అమ్మకు కీర్తనలు చదువుతూ 137వది వచ్చినప్పుడల్లా చివరి రెండు వచనాలు మింగేసేవాణ్ణి. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్లు, సితారాలు చెట్లకు తగిలించినవాళ్లు, ఆ పాట చివర శత్రువుల పసిపిల్లలను బండకు కొట్టేవాడు ధన్యుడంటారు. అమ్మకు కళ్లు కనబడకపోయినా కీర్తన కొలత తెలుసు. ఒకసారి “ముగించు” అంది. ముగించాను. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

“ఇలాంటిది ఎలా రాశారమ్మా?”

“కడుపు మండి రాశారు నాయనా. కానీ ఎవరితో చెప్పారో చూడు. కత్తి తీసుకుని వీధిలోకి పోలేదు, ఆయనతో చెప్పుకున్నారు.”

రెండు రోజుల తర్వాత 139. అప్పటికి మూడో ఏడు నడుస్తోంది, ఆ కీర్తన ఆరుసార్లు చదివే ఉంటాను. అందరూ ఇష్టంగా చదువుకునే కీర్తన అది: ఎక్కడికి పారిపోయినా నీవు అక్కడ ఉన్నావు, సముద్రం అంచుల్లోనూ నీ చెయ్యి నన్ను పట్టుకుంటుంది. ప్రవాసంలో ఉన్నవాడికి దానికంటే ఏం కావాలి! కానీ 19వ వచనం దగ్గర అదే మనిషి గొంతు మారుతుంది. దుష్టులను చంపు, వాళ్లంటే నాకు పూర్తి ద్వేషం అంటాడు. ఆ వచనాలు చదివేటప్పుడు నా గొంతు పెరిగేది. ఆ ఊపులోనే తర్వాతి వచనం చదివాను: “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము.”

నేను ఆగలేదు, చివరిదాకా చదివాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక మనిషి ముఖం కళ్ల ముందు నిలబడింది.

అతను మా సంస్థలో స్టోరు గది చూసేవాడు. మేము ఊరు విడవడానికి ఎనిమిదేళ్ల ముందు ఒక తనిఖీలో 40 దుప్పట్లు తగ్గాయి. నేను నివేదికలో ఒక్క వాక్యం రాశాను: “స్టోరు బాధ్యుడి మీద అనుమానం కలుగుతోంది.” అతన్ని పిలిచి అడగలేదు. స్టోరు గది నా గదికి సరిగ్గా కింద, ఇరవై మెట్లు దిగితే చాలు. ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు. దొంగ అన్న పేరు పడ్డాక అక్కడ ఉండలేక భార్యాబిడ్డలతో ఎటో వెళ్లిపోయాడు. నెల తర్వాత ఆ దుప్పట్లు వేరే కేంద్రానికి పంపినట్టు రసీదు దొరికింది. పంపినప్పుడు ఎవరూ పద్దు వేయలేదు. నేను రిజిస్టరు సరిచేశాను. ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన చిన్న సంతకం పెట్టాను. అతని సంగతి సరిచేయలేదు. సరిచేయాలన్న ఆలోచన కూడా రాలేదు.

మూడేళ్లుగా న్యాయం, న్యాయం అని అరుస్తున్న నేను, మరొక మనిషిని అచ్చంగా ఇలాగే దేశం పట్టించాను. నా 112 పద్దుల్లో ఇది లేదు. ఆయన కవిలెలో ఉంది. అతని భార్య కన్నీళ్లూ అదే బుడ్డిలో, నా భార్య కన్నీళ్లతో కలిసి ఉన్నాయి. దేవుడు న్యాయవంతుడన్న మాట ఆ రాత్రి నాకు భయమేసేలా వినబడింది. అప్పటిదాకా అది ఇతరుల గురించిన మాట అనుకున్నాను.

తెల్లవారాక అమ్మకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. “ఎక్కడున్నాడో కనుక్కో” అంది.

కనుక్కోవడానికి పదమూడు నెలలు పట్టింది. వెళ్లాను. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి, దుప్పట్లు ఏ తేదీన ఎక్కడికి వెళ్లాయో వివరంగా పెట్టి, నా పేరుతో సంతకం చేసి, ఒక ప్రతి సంస్థకు రిజిస్టర్డు పోస్టులో పంపాను. రెండో ప్రతి అతని చేతికిచ్చాను. అతను జుట్టు నెరిసి, నేను గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు. కాగితం మడత విప్పాడు కానీ చదవలేదు. తిరిగి నాకిచ్చి, “మీరే చదవండి అయ్యా” అన్నాడు. చదివాను. అతను మధ్యలో ఆపాడు.

“‘తీయలేదు’ అని రాశారా, ‘తేలలేదు’ అని రాశారా?”

“తీయలేదని రాశాను.”

“ఆ మాట మళ్లీ చదవండి.”

మళ్లీ చదివాను. గుమ్మంలో అతని భార్య నిలబడి వింటోంది. క్షమించానని అతను అనలేదు, నేనూ అడగలేదు. “ఆ రోజు మీరు కిందికి దిగి ఒక్క మాట అడిగి ఉంటే, అవి ఎటు పోయాయో నేనే చెప్పేవాణ్ణి అయ్యా” అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. కానీ ఆ రాత్రి నాలుగేళ్లలో మొదటిసారి తెల్లవారేదాకా నిద్రపోయాను.

అప్పటి నుంచి నా ఖాతా పుస్తకంలో ఇతరుల పద్దులు రాయడం మానేశాను. వాళ్లందరినీ క్షమించేశానని చెప్పను. కొందరిని క్షమించగలిగాను, ఇద్దరి పేర్లు తలచుకుంటే ఇప్పటికీ లోపల ఏదో బిగుసుకుంటుంది. అలా బిగుసుకున్నప్పుడు 94వ కీర్తన గట్టిగా చదువుతాను. చెవులు చేసినవాడు వినడా, కన్ను చేసినవాడు చూడడా అని అడుగుతుంది అది. వింటాడు, చూస్తాడు. నన్నూ విన్నాడు, ఆ ఇరవై మెట్లు నేను దిగకపోవడం కూడా చూశాడు. ఇంత నిష్పక్షపాతంగా చూసేవాడి చేతిలో నా వ్యవహారం ఉండటం నాకు ఇప్పుడు ధైర్యం. నా పక్షాన ఉంటేనే న్యాయమనుకున్న రోజుల్లో ఈ ధైర్యం లేదు.

అమ్మ నాలుగున్నరేళ్లు మాత్రమే మాతో ఉంది. ఆ చివరి నెలలో కీర్తనలు ఆపి విలాపవాక్యములు చదవమంది. యెరూషలేము క్రీ.పూ. 586లో కాలిపోయాక పుట్టిన ఏడుపు అది. ఐదు అధ్యాయాల్లో మొదటి నాలుగు హెబ్రీ అక్షరమాల వరుసలో నడుస్తాయి. 22 అక్షరాలకు 22 వచనాలు, మూడో అధ్యాయంలో అక్షరానికి మూడు చొప్పున 66. మనం అ నుంచి చివరి అక్షరం దాకా ఒక్కొక్కటి పట్టుకుని ఏడ్చినట్టు. ఏడ్చి ఏడ్చి ఐదో అధ్యాయానికి వచ్చేసరికి వచనాలు 22 ఉన్నాయి గానీ అక్షరాల వరుస లేదు. పద్ధతి తప్పిపోయింది, ప్రార్థన మాత్రం మిగిలింది. అది ప్రశ్నలాంటి మాటతోనే ఆగిపోతుంది. దేవుడు జవాబిచ్చినట్టు ఉండదు. అమ్మ ఐదో అధ్యాయం రెండుసార్లు చదివించుకుంది. సొంత ఊరి మట్టి ఆమెకు దక్కలేదు, ఇక్కడే సమాధి చేశాం.

ఏడో ఏట నా కేసు కొట్టేశారు. కోర్టు వరండాలో వకీలు ఆనందంగా తీర్పు ప్రతి చూపించాడు. “నేరం రుజువు కాలేదు” అని ఉంది. ఆ కాగితం పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు స్టోరు మనిషి ప్రశ్నే గుర్తొచ్చింది. తీయలేదని రాశారా, తేలలేదని రాశారా? మనుషుల తీర్పు తేలలేదన్న చోట ఆగుతుంది. అంతకంటే దానికి చేతకాదు, న్యాయమూర్తిని తప్పుపట్టను, ఆయన నా పక్కన లేడు కదా. పక్కన ఉన్నవాడు ఒకడున్నాడు, ఆయనకు తెలుసు. ఆ వరండాలోనే తల వంచుకుని థాంక్స్ చెప్పుకున్నాను.

ఇంటి దావా ఇంకా నడుస్తోంది. ఇది తొమ్మిదో ఏడు. వాయిదాకు ముందు రోజు రేకుపెట్టె తెరిచి కాగితాలు సరిచూసుకుంటాను. మొన్న మా అమ్మాయి పక్కన కూర్చుని మా ఇంటి దస్తావేజు చేతిలోకి తీసుకుంది. తనకిప్పుడు పద్దెనిమిదేళ్లు. యిర్మీయా పొలం కొన్న కథ తనకు చెప్పాను. శత్రువు నగరాన్ని ముట్టడించి ఉండగా, తాను చెరసాల ఆవరణలో బందీగా ఉండి, తన సొంత ఊరు అనాతోతులో రేపో మాపో పరాయివాళ్ల పాలయ్యే పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. సాక్షుల చేత సంతకాలు చేయించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్న ప్రతి ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకుకు ఇచ్చి, చాలా కాలం చెడకుండా ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారన్నది ఆయనకు అందిన మాట.

“మరి ఆ కుండను తర్వాత ఎవరైనా తెరిచారా నాన్నా?” అని అడిగింది.

“అది రాసి లేదమ్మా” అన్నాను.

దస్తావేజును ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండుసార్లు మడిచి, పెట్టె అడుగున నా ఖాతా పుస్తకం మీద ఉంచింది. తొట్టిలో మొక్కకు నీళ్లు పోయడానికి వెళ్లింది.